చేతులు మారిన సముద్రం

2021 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా రాయచెర్లుకు టాటా ఏస్ బండిలో సముద్రం వచ్చింది. పాత దుప్పట్లు చుట్టిన గాజు తొట్టి, దాన్ని నిలబెట్టే చెక్క అల్మరా, పైపులు, పంపులు, ఒక నీలి లైటు, మూతలు బిగించిన మూడు బకెట్లు. బకెట్లలో ఉప్పునీళ్ళు, నీళ్ళలో రాళ్ళు, ఒకదానిలో మాత్రం రెండు చేపలు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపలు. పిల్లలు సినిమాలో చూసి గుర్తుపట్టారు.

కొన్నవాడు మా మేనల్లుడు. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. కరోనా వచ్చి ఆఫీసులు మూశాక ఏడాదిగా మా ఇంటి ముందు గదిలో కూర్చుని పని చేస్తున్నాడు. అక్కడెవరో ఫ్లాటు ఖాళీ చేసి విదేశం పోతూ అమ్మకానికి పెడితే మొత్తం సామాను 20,000 రూపాయలకు తెచ్చాడు. కొత్తది అమర్చుకోవాలంటే లక్ష దాటుతుందని వాడి లెక్క. ఎదురింటి అవ్వ అరుగు దిగి వచ్చి బకెట్లోకి తొంగి చూసి, ధర అడిగి తెలుసుకుని, "ఎకరా కౌలు తీసకపొయ్యి గాజులో పోసినావు కదరా అబ్బోడా" అంది.

అవ్వ లెక్క మా ఊరందరి లెక్క. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, మా రాయచెర్లు, ఈ అయిదు ఊళ్ళలో రైతుల దగ్గర 13,000 ఎకరాలు కౌలుకు తీసుకుని సోలార్ పార్కు కట్టారు. 2,050 మెగావాట్లు. ఒప్పందం మొదట్లో కౌలు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. అప్పటి నుంచి మా ఊళ్ళో ఏ వస్తువు ధర విన్నా అది ఎన్ని ఎకరాల కౌలు అని మనసులో గుణించుకోవడం అలవాటయింది.

సముద్రమనే మాట మాకు కొత్త కాదు. మా సీమలో పెద్ద చెరువుకే సముద్రమని పేరు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం, మా పక్కన బాలసముద్రం. మా ఊరి పేరులోని చెర్లు కూడా చెరువేనని పెద్దలు చెబుతారు. పేర్లు తడిగానే ఉన్నాయి, నేల మాత్రం ఎండింది. అసలు సముద్రం చూడాలంటే తూర్పుకు పోయినా పడమరకు పోయినా 250 కిలోమీటర్లు దాటాలి.

ఉప్పునీటి తొట్టి ఎలా అమర్చాలో చెప్పడం నా ఉద్దేశం కాదు. అమరుస్తూండగా మాకొక ప్రశ్న ఎదురయింది. వస్తువు చేతులు మారినప్పుడు దానితోపాటు ఇంకేమేమి చేతులు మారుతాయి? మొదటివాడు చేసిన తప్పు మొదటివాడి దగ్గరే ఆగిపోతుందా? ఆ ప్రశ్నకు దారి తొట్టి గుండానే ఉంది కాబట్టి తొట్టి సంగతి కొంత చెప్పక తప్పదు.

పాత తొట్టి కొన్నవాడు మొదట దాన్ని అనుమానించాలి. మూలల్లో సిలికాన్ జిగురు పట్టు వదిలిందేమో చూడాలి. పెరట్లో చదునుగా గోనెసంచులు పరచి, తొట్టి పెట్టి, బోరు నీళ్ళు నింపి మూడు రోజులు కాపలా కాశాం. మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు. 190 లీటర్లు పడుతుంది. నీళ్ళ బరువే దాదాపు రెండు క్వింటాళ్ళు. కారలేదు. పంపులను విప్పి వెనిగర్లో నానబెట్టి తోమితే సున్నపు పొక్కులు రాలిపోయాయి. అన్నాళ్ళూ చేపలూ రాళ్ళూ ఒక పెద్ద డ్రమ్ములో, గాలి పంపు బుడగల మధ్య ఉన్నాయి.

తరువాత అనుమానించవలసింది రాగిని. ఉప్పునీటి చేపలకు ఒంటి మీద తెల్ల మచ్చల తెగులు వస్తుంది. దానికి రాగి మందు వేస్తారు, తోటలకు కొట్టే మైలుతుత్తం లాంటిదే. చేప బ్రతుకుతుంది. కాని ఆ రాగిని తొట్టిలోని సున్నపు రాళ్ళు, ఇసుక పీల్చుకుంటాయి. ఎప్పుడో, ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరు నింపిన కొత్త నీళ్ళలోకి మెల్లగా వదులుతాయి. చేపలకు అంతగా ఏమీ కాకపోవచ్చు. నత్తలు, రొయ్యలు, పగడాల వంటి ఎముకలేని జీవాలు మాత్రం చచ్చిపోతాయి. మందు వేసినవాడు మందు సంగతే మరచిపోయి ఉంటాడు.

మావాడు అమ్మినాయనకు ఫోన్ చేసి రాగి మందు ఎప్పుడైనా వాడారా అని అడిగాడు. "నేను వాడలేదు. నాకు ముందు ఉన్నాయన సంగతి నాకు తెలియదు. నేనూ సెకండ్ హ్యాండే కొన్నాను" అన్నాడట. అంటే మేము మూడో చేయి. రాగి పరీక్ష మందు తెప్పించి చూస్తే రాగి లేదని తేలింది. కాని ఆ మాట నా మనసులో ఉండిపోయింది. నాకు ముందు ఉన్నాయన సంగతి నాకు తెలియదు. లోకంలో సగం వ్యవహారం ఈ మాట మీదే నడుస్తోంది కాబోలు.

ఇక నీళ్ళు. బోరు నీళ్ళలో ఉప్పు కలిపితే సముద్రం కాదు. ఏమీ లేని నీళ్ళు కావాలి, అంటే ఫిల్టర్ నీళ్ళు. లీటరుకు 35 గ్రాముల చొప్పున ప్రత్యేకంగా అమ్మే సముద్రపు ఉప్పు కలపాలి. వంట ఉప్పు పనికిరాదు. మెగ్నీషియం, కాల్షియం, ఇంకా ఎన్నో అందులో సముద్రంలో ఉన్న పాళ్ళలోనే ఉండాలి. మా తొట్టికి ఆరున్నర కిలోలకు పైగా పట్టింది. ఆ లెక్కలు చదువుతుంటే ఒక చోట నా చూపు ఆగింది. మామూలు సముద్రపు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. తాగే నీటిలో 1.5 దాటకూడదని మన దేశపు ప్రమాణం. పావగడ తాలూకాలో ఆ గీత దాటిన బోర్లు ఎన్నో. ఫ్లోరైడ్ వరకు చూస్తే అలాంటి బోరు కంటే సముద్రమే నయమన్నమాట!

ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ళ క్యాన్లు పది మోటారు బండి మీద మోసుకొచ్చాం. ఇలాంటి నీళ్ళు తీసే ఇంటి మిషన్లలో ఒక లీటరు మంచి నీళ్ళకు రెండు మూడు లీటర్లు కాలువలో పోతాయి. అదీ లెక్కేసుకోవాలి. అవ్వ అరుగు మీద కూర్చుని అన్ని ట్రిప్పులూ చూసింది. ఆమె మోకాళ్ళు వంగిపోయి చాలా ఏళ్ళయింది. మా తాలూకాలో ఆ వయసువాళ్ళ మోకాళ్ళు చూస్తే వాళ్ళు చిన్నప్పటి నుంచి ఏ నీళ్ళు తాగారో చెప్పవచ్చు. "చేపలకూ ఫిల్టర్ నీళ్ళేనా నాయనా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉప్పు గురించీ లెక్కల గురించీ ఏదో సంజాయిషీ మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపేసింది. "దాంట్లో సిగ్గుపడేదేముంది? కట్టేసినోడు నీళ్ళు పెట్టాల్సిందే. కట్టేసేదానికి ముందే ఆలోచన చేసుకోవాల."

ఈ వ్యాసానికి అవసరమైన తత్వమంతా అవ్వ ఆ రెండు ముక్కల్లో చెప్పేసింది. అది నాకు అర్థం కావడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

తొట్టి నిండింది. రాళ్ళు పేర్చాం. ఈ రాళ్ళలోనే ఉంది కిటుకు. చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది, అది చేపలకు విషం. రాతి రంధ్రాల్లో కాపురముండే బాక్టీరియా దాన్ని మొదట నైట్రైటుగా, తరువాత అంత హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. 1961లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రం నుంచి తెచ్చిన రాళ్ళూ గాలి బుడగలూ తప్ప మరేమీ లేకుండా ఉప్పునీటి తొట్టి నడిపి చూపించాడు. కొత్త రాయిలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్ని రోజులు ఖాళీ నీళ్ళను చూస్తూ కూర్చోలేక చేపలు వేసి చంపుకోవడమే కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పట. మావి తడి ఆరకుండా వచ్చిన పాత రాళ్ళు కాబట్టి ఆ బాధ అంతగా లేకపోయింది. ముందు యజమానుల పుణ్యం కూడా రాళ్ళలో మిగిలి ఉంటుందని ఒప్పుకోవాలి.

మార్చి మొదటి వారంలో ఒక రాత్రి కరెంటు పోయింది. మావాడు బ్యాటరీ పంపు తగిలిస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. వెలుతురు ఒక రాయి మీద పడింది. పిడికిలంత రాయి, మెదడు మీద ముడతల్లాంటి గాళ్ళు. పగలంతా పాచి పట్టిన రాయి అనుకున్నదే. ఆ గాళ్ళ అంచుల వెంబడి సన్నని వేళ్ళు వందల కొద్దీ మొలిచి నీళ్ళలో ఆడుతున్నాయి. కాంతి పడగానే మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. "మామా, ఇది రాయి కాదు" అన్నాడు మావాడు. ఎంతో సంతోషంగానే అన్నాడు.

అది పగడం. ప్రాణంతో ఉన్న పగడం.

పగడమంటే మనకు తెలిసింది మెడలోది. మన ఆడవాళ్ళు తాళిలోనో నల్లపూసల్లోనో ముత్యం పక్కన ఎర్ర పగడం గుచ్చుకుంటారు. కన్నడంలో హవళ, తమిళంలో పవళం, మన పాతవాళ్ళ నోట పవడం. సరిహద్దులో ఉండేవాళ్ళకు ఇలాంటి మాటలను పక్క పక్కన పెట్టి చూసుకోవడం ఒక సరదా. ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిది. రోములో ముత్యాలకు ఎంత మోజో భారతీయులకు పగడాలంటే అంత మోజని సుమారు 2,000 ఏళ్ళ క్రితమే ప్లీనీ రాశాడు. అవ్వ మెడలో ఉన్న పగడం వాళ్ళ అత్తది, అంతకు ముందు ఆ అత్తగారి అత్తది. అదీ చేతులు మారుతూ వచ్చిందే. కాని అది చచ్చి ఎన్నో తరాలయింది. మా తొట్టిలోది అలా కాదు. అది ఒక జీవి కూడా కాదు, వందల జీవుల ఉమ్మడి కుటుంబం. వాటి శరీరాల్లో కంటికి కనబడని పాచి ఉంటుంది. పాచి ఎండను తిని వండిపెడుతుంది, పగడం దానికి ఇల్లు ఇస్తుంది. అందరూ కలిసి సున్నంతో గోడ కట్టుకుంటూ పోతారు. ఈ జాతి ఏడాదికి సెంటీమీటరు కూడా పెరగదు. పిడికిలంత ఉందంటే ఐదారేళ్ళ వయసైనా ఉండాలి. ఎవరో సముద్రం అడుగున సుత్తి, ఉలి పెట్టి కొట్టి తీసి ఉండాలి.

ఇది ఏ పగడమో తెలుసుకుందామని వెతుకుతుంటే చట్టం దొరికింది. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలు అది. పట్టుబడితే శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా. ఇంకో సంగతి కూడా ఉంది. అలాంటిది ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్లోనో అధికారి దగ్గరో చెప్పి అప్పగించాలి. ఏ విధంగా వచ్చినా, అంటే కొన్నా, దొరికినా, ఎవరైనా ఊరికే ఇచ్చినా. మొదటి చేయి, మూడో చేయి అని చట్టం తేడా చూడలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రోజూ వాదనే. మావాడు చదువుకున్నవాడు, వాడి వాదనలో పస లేదని చెప్పను. "మనం విరగ్గొట్టలేదు కదా మామా. విరిగిందాన్ని బ్రతికిస్తున్నాం. మనం కొనకపోతే ఆయన సింకులో పారబోసి పోయుండేవాడు" అన్నాడు. తూత్తుకుడి తీరంలో సున్నం కోసం ఏళ్ళ తరబడి పగడాలను తవ్వేశారు, మన్నార్ సింధుశాఖలో రెండు చిన్న దీవులు అలాగే మునిగిపోయాయి, దాని ముందు ఈ పిడికెడు ఎంత అన్నాడు. సముద్రం వేడెక్కి 1998లో, 2010లో, 2016లో లోకమంతా పగడాలు తెల్లబారి చచ్చాయి, ఇక్కడే ఇది సుఖంగా ఉందేమో, ఇది నావలో ఎక్కించుకున్న జీవం అనుకోకూడదా అన్నాడు. ఈ చివరి మాట నన్ను కొంచెం కదిలించింది. 2024 ఏప్రిల్లో నాలుగోసారి లోకమంతా పగడాలు తెల్లబారుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు అది మళ్ళీ గుర్తుకొచ్చింది కూడా.

నేను సంతలో ఎద్దు సంగతి చెప్పాను. మా నాయన సంతలో ఎద్దును పట్టేముందు పళ్ళూ సుళ్ళూ చూడడంతో ఆగేవాడు కాదు. ఎవరింటి ఎద్దు, ఎందుకు అమ్ముతున్నారు, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగేవాడు. ధర మరీ తక్కువైతే ఇంకా ఎక్కువ అడిగేవాడు. దొంగ ఎద్దును తెలియక కొన్నవాడు దొంగ కాడు. కాని అడగకుండా కొన్నవాడిని మా ఊళ్ళో అమాయకుడని ఎవరూ అనరు. అడిగితే తెలిసిపోతుందేమోనన్న భయంతోనే అడగలేదని అంటారు. మావాడు తొట్టి కొనేటప్పుడు జిగురు గురించి అడిగాడు, పంపు గురించి అడిగాడు, రాగి గురించి తరువాతైనా అడిగాడు. రాళ్ళు ఎక్కడివని అడగలేదు. నేనూ అడగలేదు.

పిడికెడు ఎంత అన్న మాటకు మన భాషలోనే జవాబుంది. తిలాపాపం తలా పిడికెడు. దీనికి అచ్చమైన సాక్ష్యం ఇంగ్లండు చరిత్రలో ఉంది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఇంట్లో గాజు తొట్టిలో సముద్రజీవాలను పెంచడం గురించి ఒక పుస్తకం రాశాడు. భక్తుడు, దేవుడి సృష్టిని జనానికి చూపిద్దామనుకున్నాడు. జనం చదివారు, వేలంవెర్రిగా తీరాల మీద పడ్డారు. ప్రతివాడూ ఒక బుట్టెడే. కొన్నేళ్ళకు ఆ తీరపు రాతి గుంటలు వట్టిపోయాయి. అది చూసి తండ్రి ఎంత బాధపడ్డాడో కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో తన ఆత్మకథలో రాశాడు. ఎవరి బుట్ట వల్ల తీరం పోయిందంటే ఏ బుట్ట వల్లా కాదు. ప్రతి బుట్టకూ ఈ మాట నిజమే, అందుకే అన్ని బుట్టలూ నిండాయి. మూడో చేతివాడికి ఈ మాట ఇంకా సుఖంగా ఉంటుంది. నేను కొట్టలేదు, కొట్టించలేదు, కొట్టినవాడికి నా డబ్బు కూడా పోలేదు. కాని పాత తొట్టికి గిరాకీ ఉంటుందన్న ధీమా కొత్త తొట్టి కొనేవాడికి ధైర్యం. ఈ బండి నచ్చకపోతే అమ్మేయొచ్చులే అనుకుని మనం కొత్త బండి కొనడం లేదా?

వాడు ఒకరోజు అవ్వ మాటనే నా మీదకు తిప్పాడు. "కట్టేసినోడు నీళ్ళు పెట్టాలని అవ్వే చెప్పింది. పెడుతున్నాం కదా, ఇంకేంది?" నేను చాలాసేపు ఆలోచించి ఇలా చెప్పాను. దొంగిలించిన ఎద్దుకు తవుడు పెట్టినంత మాత్రాన దొంగతనం పోదు. పెట్టకపోతే మాత్రం అది రెండో పాపం. ఇవి రెండు వేరు వేరు ఖాతాలు. మొదటి దానిలో మనది పిడికెడే కావచ్చు, పంచుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండో దానిలో మాత్రం పంచుకునేవాడు లేడు. పగ్గం ఎవరి చేతిలో ఉంటే మొత్తం వాడిదే.

సముద్రంలో వదిలేద్దామా అంటే అదీ కుదరదు. తొట్టిలో రకరకాల జీవాలతో కలిసి బ్రతికినది ఏ జబ్బును మోసుకుపోతుందో చెప్పలేం. 1984లో మొనాకోలో సముద్ర మ్యూజియం కింద అక్వేరియం పాచి ఒకటి కనబడింది. తరువాత అది మధ్యధరా తీరం పొడవునా పాకిపోయింది. తీసినంత తేలిగ్గా తిరిగి పెట్టలేం. మిగిలింది అటవీ శాఖ వాళ్ళకు అప్పగించడం.

చర్చ మార్చి నెలలోనే ఇక్కడికి వచ్చేసింది. అప్పగించాలని నేనే తేల్చాను. కాని అప్పగించలేదు. ఈ సోమవారం అనుకున్నాం, పై సోమవారం అనుకున్నాం. 48 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, ఇప్పుడు పోతే ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారంటారేమోనని భయం. పిల్లవాడి ఉద్యోగానికి ఏమైనా మచ్చ వస్తుందేమోనని భయం. ఏప్రిల్ చివర్లో రెండో విడత లాక్‌డౌన్ వచ్చింది, హమ్మయ్య, ఇక కదలడానికి లేదు అనుకున్నాను. సాకు దొరికినందుకు అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నవాణ్ణి ధర్మాధర్మాల గురించి వ్యాసం రాయడానికి అర్హుణ్ణేనా అన్నది పాఠకులు తేల్చుకోవచ్చు. లాక్‌డౌన్‌కు ముందు చేతిలో ఆరు వారాలకు పైగా ఉన్నాయి.

మేలో మా ఊరి ఎండ చెప్పనక్కర్లేదు. తొట్టి నీళ్ళు 26 డిగ్రీల దగ్గర ఉండాలి. చల్లబరిచే మిషను చాలా ఖరీదు, నీళ్ళ మీదికి ఫ్యాన్లు పెట్టి రెండు మూడు డిగ్రీలు తగ్గించేవాళ్ళం. ఫ్యాన్ గాలికి నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. అందుకని రోజుకు నాలుగు లీటర్ల మంచి నీళ్ళు పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు. మావాడు ఇదంతా ఎంతో శ్రద్ధగా చేశాడు. వాడిని తప్పు పట్టడానికి లేదు. ఒక శనివారం సాయంత్రం గాలివాన వచ్చి ఎక్కడో తీగ తెగింది. మరునాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. బ్యాటరీ పంపు అర్ధరాత్రికి ఆగిపోయింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి.

నేనూ మా ఆవిడా చెరో చెంబు తీసుకున్నాం. తొట్టిలో ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోయడం. నీళ్ళు కింద పడేటప్పుడు గాలిని లోపలికి తీసుకుపోతాయి. తెల్లవారేదాకా వంతులు వేసుకుని పోస్తూనే ఉన్నాం. తరువాత చదివాను, 1846లో ఆనా థిన్ అనే ఆవిడ సముద్రతీరం నుంచి పగడాలను లండన్‌కు తెచ్చి సరిగ్గా ఇలాగే బ్రతికించిందట. పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ ముందు నిలబడి, అరగంటకు పైగా నీళ్ళను ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రలోకి పోసేదట. పగడాలను ఇంట్లో పెంచిన మొదటి మనిషిగా చరిత్రలో నిలిచింది ఆనా థిన్. చేతులు నొప్పి పెట్టింది పనిమనిషికి. మా ఆవిడ ఇది విని నా వంక చూసిన చూపు సంగతి రాయను.

చేపలు బ్రతికాయి. ఆ మధ్యాహ్నానికి నీళ్ళు 32 డిగ్రీలు దాటాయి. గాలి అందించగలిగాం గాని చల్లదనం ఎక్కడి నుంచి తెస్తాం? నాలుగు రోజుల్లో పగడం రంగు పోయి పాలిపోయింది. వేడికి తాళలేక తనకు వండిపెట్టే పాచినే వెళ్ళగొట్టుకుంటుందట. తరువాత గాళ్ళ మీద కండ తోలు ఊడినట్టు ఊడి నీళ్ళలో తేలింది. తెల్లటి సున్నపు పిడికిలి మిగిలింది. మావాడు దాన్ని బయటికి తీసి బల్ల మీద పెట్టి రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మేము దాన్ని ఎవరికి అప్పగించాలా, ఎప్పుడు అప్పగించాలా అని ఎనిమిది వారాలకు పైగా తర్కించాం. అది మా తర్కం పూర్తయ్యేదాకా ఆగలేదు.

జూలైలో రాకపోకలు మొదలయ్యాక ఆ సున్నపు పిడికిలిని గుడ్డలో చుట్టుకుని ఇద్దరం అటవీ శాఖ కచేరికి పోయాం. చచ్చిన పగడం కూడా ఇంట్లో ఉంచుకోకూడదు. జరిగిందంతా దాచకుండా చెప్పాం. అక్కడున్న అధికారి కోప్పడలేదు. ఎవరి దగ్గర కొన్నారో, ఎప్పుడు కొన్నారో రాసిమ్మన్నాడు. మావాడు రాసిచ్చాడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "జీవ ఇద్దాగలే తరబహుదిత్తల్లా?" అన్నాడు. ప్రాణముండగానే తేవచ్చు కదా అని. కన్నడంలో జవాబు వెతుక్కున్నాను, తెలుగులో వెతుక్కున్నాను. రెండు భాషలు తెలిసి ఉండడం వల్ల ఏమీ ఉపయోగం లేని సందర్భం అది.

ఇంటికి వచ్చాక తొట్టిలోంచి సముద్రపు రాళ్ళనిపించినవి కూడా ఏరి అప్పగించేశాం. సిమెంటుతో చేసి అమ్మే రాళ్ళు తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, నెలా పదిహేను రోజులు ఓపిక పట్టి కుదుర్చుకున్నాం. ఈసారి ఖాళీ నీళ్ళను చూస్తూ కూర్చోవడం కష్టమనిపించలేదు. "పగడం లేని పగడపు తొట్టి" అని మావాడు వెక్కిరించాడు గాని తీసేద్దామనలేదు. ఈ రకం చేపలను ఇప్పుడు మన దేశంలోనే పొదిగించి పెంచుతున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ఆ విద్యను ఎప్పుడో సాధించారు. అలాంటివి కొంటే మొదటి ఖాతా చాలావరకు తేలికపడుతుంది. మా రెండూ ఎక్కడ పుట్టాయో మాత్రం వాటినే అడగాలి.

2022లో మావాడిని ఆఫీసు వెనక్కి పిలిచింది. బెంగళూరులో వాడి గది అగ్గిపెట్టంత. తొట్టి ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు నాలుగో చేయి నాది. వారానికొకసారి ఒక క్యాను ఫిల్టర్ నీళ్ళు తెచ్చి ఉప్పు కలిపి మారుస్తాను, రోజూ ఆవిరైనంత పోస్తాను. రెండో బ్యాటరీ కొన్నాను. ఈ జాతి చేపలు తొట్టిలో ఇరవై ఏళ్ళు దాటి బ్రతికిన సందర్భాలున్నాయట. నా వయసుకు ఇరవై కలుపుకుని చూసుకుంటే అయిదో చేయి ఒకటి తప్పకుండా అవసరమవుతుంది.

మొన్న హిందూపురం నుంచి ఎవరో ఫోన్ చేశారు. తొట్టి సంగతి ఎవరి ద్వారానో విన్నాడట. చేపలతో సహా ఎంతకిస్తారని అడిగాడు. ధర తరువాత మాట్లాడుకుందాం గాని, మీ వీధిలో ఎండాకాలం కరెంటు ఎన్ని గంటలు పోతుంది నాయనా అని అడిగాను. కనుక్కుని చెబుతానన్నాడు.